మరో ఏడాది

సైనిక వ్యవహారాల శాఖలో కార్యదర్శిగా పనిచేసి రిటైరైన నేను, నా డెబ్బై ఎనిమిదో ఏట, నా ఇంటి ముందుగదిలో కూర్చుని, నా చేత్తో రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు రాసిన రెండు వీలునామాలూ ఈ రోజుతో చెల్లవు. దీన్ని రాయమని నన్నెవరూ బలవంతపెట్టలేదు, బతిమాలనూ లేదు. నా బుద్ధి స్థిరంగా ఉందని మా డాక్టరు పరీక్ష చేసి కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం దీనికి జతచేశాను. బుద్ధి స్థిరంగా ఉండటం వేరు, మంచిగా ఉండటం వేరు. రెండోదానికి డాక్టర్లు కాగితాలు ఇవ్వరు కాబట్టి ఆ సంగతి నేనే రాస్తున్నాను.

నాకున్నది ఒక్కతే కూతురు. నా భార్య పోయి ఆరేళ్ళయింది. నా భార్యకు ఒక చెల్లెలు ఉంది, నాకు మరదలు. ఆ మరదలి భర్త, అంటే నా తోడల్లుడు, వారసుడు కాడు. అయినా ఈ కాగితంలో అందరికంటే ఎక్కువసార్లు కనబడేది ఆయనే. సైనికాసుపత్రి వెనక రేకుల షెడ్డులో ఆయన కృత్రిమ కాళ్ళు చేస్తాడు. చేయించుకున్నవాళ్ళు ఆయన్ని కాళ్ళ మేస్త్రి అంటారు. నా కూతురు ఆ షెడ్డులోనే పనిచేస్తుంది. ఈ వీలునామాను అమలు చేసే బాధ్యత ఆమెకే ఇస్తున్నాను.

1. నేను ఉంటున్న ఈ ఇల్లు నా జీతంతో కట్టుకున్నది, నా స్వార్జితం. నా తదనంతరం సర్వహక్కులతో నా కూతురికి చెందుతుంది. అమ్ముకోవచ్చు, అద్దెకివ్వచ్చు, తానే ఉండవచ్చు. వెనకగది కిటికీ పక్క గోడ వానాకాలంలో చెమ్మెక్కుతుంది. బాగుచేయించమని ఆమె తల్లి పదేళ్ళు చెప్పింది. నా తోడల్లుడు ఒక పూట వచ్చి చేసిపెడతానన్నాడని తెలిసి నేను చేయించలేదు. ఈ ఇంట్లో ఆయనకు ఏ హక్కూ లేదు. ఆయన అడిగేవాడూ కాదు. అడగడని తెలిసీ ఈ వాక్యం రాశానంటే, నేనెలాంటివాణ్ణో చదివేవాళ్ళకు ఇక్కడే తెలిసిపోవాలి.

2. నా భార్య కుట్టుమిషను, ఆమె గదిలోని నిలువుటద్దం నా మరదలికి. ఆమె మీద నాకు కోపం లేదు. ఆమె పెళ్ళి చేసుకోవడం మీద ఉంది. నా పెళ్ళయిన ఏడేళ్ళకు ఆమె పెళ్ళయింది. ఆ ఏడేళ్ళూ మా అత్తగారింట్లో నేనొక్కణ్ణే అల్లుణ్ణి. నేను వస్తున్నానంటే కిటికీ కర్టెన్లు మార్చేవాళ్ళు. మామగారు పేపరు ముందు నాకిచ్చి, నేను చదివాక తను చదివేవారు. ఆ ఇంట్లో భోజనాల బల్లకు ఒక కాలు పొట్టి. అది కదలకుండా నేను ప్రతిసారీ ఒక కాగితం మడిచి కింద పెట్టేవాణ్ణి, అందరూ మెచ్చుకునేవాళ్ళు. కొత్తల్లుడు వచ్చిన మొదటి రోజే బల్లను తిరగేసి, గంటలో ఆ కాలికి సరిపడా చెక్క అతికించేశాడు. మా అత్తగారు బల్ల మీద అరచెయ్యి ఆనించి నొక్కి చూసి, పెద్దల్లుడు చదువుకున్నవాడు, చిన్నల్లుడు పనికొచ్చేవాడు అంది. అది విని అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ రోజు మొదలైన కడుపుమంట నలభై రెండేళ్ళుగా ఆరలేదు.

3. కారు మా డ్రైవరుకు. బ్రేకులు ఒకసారి చూపించుకోమనండి.

4. నా బల్ల సొరుగులో, కుడివైపు, పెట్టెలోనే ఉన్న ఉక్కు కొలత టేపు నా కూతురికి. అమ్మాయీ, నువ్వు డిగ్రీ అయ్యాక ఆఫీసు ఉద్యోగం వద్దని, చిన్నాన్న దగ్గర పని నేర్చుకుంటానని చెప్పిన వారం దాన్ని కొన్నాను. నీ చేతికిద్దామని షెడ్డుకు వచ్చాను. నువ్వు అప్పటికే ఒకతని తొడ చుట్టూ టేపు పట్టుకుని కొలుస్తున్నావు. ఆ టేపు మీ చిన్నాన్నది, తన మొదటి టేపు నీకిచ్చాడని ఎవరో చెప్పారు. నేను జేబులో చెయ్యి పెట్టుకునే వెనక్కి వచ్చేశాను. నువ్వు నన్ను చూడలేదు.

5. సైన్యం తిరిగి వచ్చిన ఏడాది ప్రభుత్వం నాకు ఒక పతకం, ఊరి చివర కొంత స్థలం ఇచ్చింది. ఆ రెండూ నావి కావు. వాటిని ఏం చేయాలో చెప్పే ముందు ఎందుకు నావి కావో చెప్పాలి. ఇది పెద్ద అంశం. ఓపిగ్గా చదవండి.

మన సైన్యం ఆ దేశానికి ఆరు నెలల కోసమని వెళ్ళింది. అక్కడి ప్రభుత్వం కూలిపోయిందనీ, మనం వెళ్ళి శాంతి నిలబెట్టి వచ్చేస్తామనీ అన్నారు. అన్నవాళ్ళు మంత్రులు, ఆ మాటలు రాసిచ్చినవాణ్ణి నేను. ఆరు నెలలు ఏడాదయింది. అక్కణ్ణించి ప్రతి సంవత్సరమూ ఒక నివేదిక తయారయ్యేది. ముందు పేజీలు సైన్యాధికారులవి. చివరి పేజీ నాది. అందులో ఒక్క వాక్యమే ముఖ్యం: ఉండాలా, వచ్చేయాలా. మంత్రులు మారారు గానీ ఆ పేజీ రాసే చెయ్యి మారలేదు. ఏటా, పరిస్థితి మెరుగుపడుతున్నందున మరో ఏడాది అని రాసేవాణ్ణి. మెరుగుపడని ఏడు, మెరుగుపడవలసి ఉన్నందున మరో ఏడాది అని రాసేవాణ్ణి. నేను రాసిన దాన్ని కాదన్న మంత్రి ఒక్కరూ లేరు.

మొదటి ఏడేళ్ళూ నేను నమ్మే రాశాను. ఆ తప్పు చాలామందితో కలిసి చేసింది. ఈ వీలునామా ఆ తర్వాతి మూడు పేజీల గురించి. అవి నేనొక్కణ్ణే చేసినవి.

నా తోడల్లుడికి రాజకీయం తెలియదు. పేపరు కూడా వెనకనుంచి చదువుతాడు. ఆయనకు ఒక అలవాటు ఉంది. కాలు పోయినవాడు వచ్చి బల్ల మీద కూర్చుంటే, మిగిలిన భాగాన్ని బొటనవేలితో అక్కడక్కడా నొక్కుతూ ఎక్కడ నొప్పి అని అడుగుతాడు. వాళ్ళ మనసు నొప్పి మీద ఉండకూడదని, ఆ వెంటనే, ఎక్కడ జరిగింది అని అడుగుతాడు. సైన్యం వెళ్ళిన మూడో ఏట ఒకతను, రాజధాని రోడ్డు మీద నలభై రెండో మైలు దగ్గర అన్నాడు. నాలుగో ఏట ఇంకో ఇద్దరు అదే చోటు చెప్పారు. ఐదో ఏట వచ్చినవాళ్ళలో సగం మంది నలభై, నలభై ఐదు మైళ్ళ మధ్యే చెప్పారు. ఆయన ఒక ఆదివారం మా అత్తగారింట్లో, అందరి ముందూ, ఏ ఆవేశమూ లేకుండా నాతో అన్నాడు: "మూడేళ్ళుగా ఒకే చోట కాళ్ళు పోతున్నాయంటే ఆ చోటు మన చేతిలో లేదనేగా అన్నయ్యా? మనవాళ్ళని తీసుకొచ్చేయండి."

ఇలాంటివి అంత తేలిక కాదని చెప్పాను. అంకెలు, మ్యాపులు, పొరుగుదేశాల సంగతులు పావుగంట చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, నాకవన్నీ తెలీవన్నయ్యా అన్నాడు. నా మాటల కంటే ఆయన తెలీదన్న మాటే ఆ గదిలో ఎక్కువ బరువు తూగింది. నా కూతురికి అప్పుడు పదహారేళ్ళు. నేను చెబుతున్నంతసేపూ ఆమె చిన్నాన్న ముఖమే చూస్తోంది. అప్పట్నుంచీ ప్రతి ఆదివారమూ ఆయన ఆ మాట ఒక్కసారి అనేవాడు. ఒక్కసారే. రెండోసారి అంటే పోట్లాడే అవకాశం నాకు దొరికేది.

ఎనిమిదో ఏట నన్ను ఆ దేశం పంపారు, స్వయంగా చూసి రమ్మని. నలభై రెండో మైలుకు నేనే కావాలని వెళ్ళాను. ఆయన మాట తప్పని రుజువు చేయాలని వెళ్ళాను. అక్కడ ఇసుక బస్తాల వెనక ఒక చౌకీ, ముప్ఫై మంది సైనికులు, ఎండకు ముక్కు చర్మం ఊడిపోయిన ఒక కుర్ర కెప్టెన్. ఈ చౌకీ దేనికి అని అడిగాను. రోడ్డును కాపాడటానికి సార్ అన్నాడు. రోడ్డు దేనికి అన్నాను. చౌకీలకు సరుకులు రావాలి కద సార్ అన్నాడు. చెప్పాక, తను ఏం చెప్పాడో తనకే వినబడినట్టుంది. బూట్ల వైపు చూసుకున్నాడు. నేనూ అటే చూశాను.

రోడ్డుకు అవతల ఒక మంగలి దుకాణం ఉంది. దాంట్లో సగం మనవాళ్ళ ఇసుక బస్తాలే. ఇక్కడి జనంతో సఖ్యంగా ఉంటున్నామని రాసుకోవాలి కాబట్టి గడ్డం గీయించుకోవడానికి కూర్చున్నాను. మంగలి పెద్దవాడు, నిదానస్తుడు. కత్తి నా గొంతు మీద ఉండగా దుబాసీ ద్వారా ఒక్కటే అడిగాడు, ఎప్పుడు వెళ్తారని. ఆ అడగటంలో ద్వేషం లేదు. వాన ఎప్పుడు తగ్గుతుందని అడిగినట్టు అడిగాడు. మీరు వెళ్తే ఆ సగం ఊడ్చుకుని రెండో కుర్చీ వేసుకుంటానన్నాడు. గోడ వారగా బెంచీ మీద ముగ్గురు వంతు కోసం కూర్చుని ఉన్నారు. ముగ్గురి పక్కనా చంక కర్రలు ఆనించి ఉన్నాయి. ఒకరికీ కృత్రిమ కాలు లేదు. మన వైపు కాళ్ళ మేస్త్రి ఉన్నాడు, వీళ్ళకు లేడు అని నాకు అనిపించింది. అనిపించగానే, ఇంత దూరం వచ్చి కూడా ఆయన్నే తలుచుకున్నందుకు ఒళ్ళు మండింది.

ఆ రోజు మధ్యాహ్నం చౌకీలోనే, మందుగుండు పెట్టె మీద కాగితం పెట్టుకుని, నా చివరి పేజీ రాశాను. ఇక్కడ మనం కాపాడుతున్నది మన రాకపోకల్నే. ఈ దేశంలో మనకు పని లేదు, ఏనాడూ లేదేమో కూడా. సైన్యాన్ని ఆరు నెలల్లో వెనక్కి రప్పించాలి. సంతకం, తేదీ. నా ఉద్యోగం మొత్తంలో నేను రాసిన మంచి పేజీ అది. రాసి, మడిచి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాను. విమానంలో దాన్ని రెండుసార్లు తీసి చదువుకున్నాను. నాకు గర్వంగా ఉంది, ఎందుకు దాచాలి. ఏడేళ్ళు నేను నమ్మిన దాన్ని నేనే కాదన్నాను. అలా అనగలిగేవాళ్ళు మా శాఖలో నాకు తెలిసి ఎవరూ లేరు.

నేను తిరిగొచ్చిన మర్నాడు మా అత్తగారి పుట్టినరోజు. అందరం భోజనాలకు కూర్చున్నాం. ప్రయాణం గురించి అడిగారు, చెప్పాను. మాట తీరులో మార్పు ఆయన పసిగట్టాడు. ప్రేమగానే అన్నాడు, అది నేను ఒప్పుకోవాలి: "వెళ్ళి చూసొచ్చారుగా అన్నయ్యా. ఇక మీరే రాసేస్తారు, నాకు తెలుసు."

మా అత్తగారు వెంటనే అందుకుంది. చిన్నల్లుడు మూడేళ్ళ నుంచీ మొత్తుకుంటూనే ఉన్నాడు, పెద్దల్లుడికి విమానం ఎక్కితే గానీ బుర్రకెక్కలేదంది. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. నా కూతురు నవ్వుతూ గిన్నెలోంచి మంచి ముక్క ఏరి చిన్నాన్న కంచంలో వేసింది.

ఆ నవ్వులో చెడ్డ ఏమీ లేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. జేబులోని పేజీ అప్పుడే నాది కాకుండా పోయింది. నేను చూసిన రోడ్డు, నేను అడిగిన ప్రశ్నలు, నా గొంతు మీద ఆడిన కత్తి, అన్నీ ఆయన మాటకు రుజువులైపోయాయి. రేపు నేను ఆ కాగితం మంత్రికి ఇస్తే ఈ ఇంట్లో అది చిన్నల్లుడి మాట నెగ్గిన రోజు అవుతుంది. మేస్త్రికి షెడ్డులో కూర్చుని తెలిసింది కార్యదర్శికి ఎనిమిదేళ్ళకు తెలిసింది అంటారు. అంటారని కూడా కాదు, నా కూతురు అలా అనుకుంటుంది.

భోజనం మధ్యలో లేచి, పని ఉందని చెప్పి ఆఫీసుకు వెళ్ళిపోయాను. సెలవు రోజు, ఎవరూ లేరు. కొత్త కాగితం తీసి, పరిస్థితి మెరుగుపడుతున్నందున మరో ఏడాది అని రాశాను. మరుసటి ఏడు మళ్ళీ రాశాను. ఆ మరుసటి ఏడు మళ్ళీ. మూడుసార్లూ అది అబద్ధమని నాకు తెలుసు. మూడుసార్లూ రాస్తున్నప్పుడు నా కళ్ళ ముందు ఆ దేశం లేదు, ఆ కెప్టెన్ లేడు. ఆ బల్ల దగ్గర నవ్వుతున్న ముఖాలే ఉన్నాయి. ఆయన ఆదివారాలు ఆ మాట అనడం మానేస్తే బాగుండు, మానేస్తే ఇంకో ఏడాదికి నాకై నేను తేల్చినట్టు రాసుకోవచ్చు అనుకునేవాణ్ణి. ఆయన మానలేదు.

ఆ మూడేళ్ళలో షెడ్డు రిజిస్టరు ప్రకారం రెండు వందల ఎనభై ఏడు కాళ్ళు, అరవై నాలుగు చేతులు తయారయ్యాయి. ఈ అంకెలు నా కూతురే నాకిచ్చింది, ఎందుకడుగుతున్నానో తెలియక. చనిపోయినవాళ్ళు నాలుగు వందల పంతొమ్మిది మంది. అది మా శాఖ లెక్క. ఆ దేశంవాళ్ళు ఎందరో మేము లెక్క పెట్టలేదు.

చౌకీలో రాసిన ఆ పేజీ కోటు జేబులోనే ఉండిపోయింది. చలికాలం కోటు చాకలికి వేయబోతూ నా భార్య దాన్ని చూసింది. ఇది ఎవరికీ ఇవ్వలేదేం అని అడిగింది. చిత్తుకాగితం అన్నాను. ఆమె దాన్ని పారేయలేదు. మూడో పేజీ కూడా అలాగే రాశానని రేడియోలో విన్న తర్వాత, ఆమె దాన్ని తీసుకెళ్ళి తన మరిదికి చూపించింది. నాతో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసినావిడ, నా గుండె దగ్గర పెట్టుకున్న కాగితాన్ని తీసుకుని, వెళ్ళవలసిన చోట్లన్నీ వదిలి, ఆయన దగ్గరికే వెళ్ళింది. ఆమె చేసింది సరైన పనే. ఆమె పోయినా ఆ సంగతిలో మాత్రం నేనామెను క్షమించలేదు.

పదకొండో ఏట, నివేదికకు ఇంకా మూడు వారాలుండగా, ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. ఎప్పుడూ రానివాడు. నడవా తివాచీ మీద ఆయన చెప్పుల నుంచి రాలిన, కాళ్ళ అచ్చులు పోసే పలాస్త్రీ పొడి మెట్ల నుంచి నా గది దాకా తెల్లగా పడింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు. ఆయన అన్న మాటలు పొల్లు పోకుండా రాస్తున్నాను.

"వదిన ఆ కాగితం చూపించింది. అన్నయ్యా, నేను అంటున్నందుకే మీరు రాయడం లేదని నాకు అర్థమైంది. తప్పు నాది. నలుగురిలో అనకుండా ఉండాల్సింది. ఇక అనను. మీరే మొదట అన్నారని అందరికీ చెప్తాను. నేనే ఒప్పుకోలేదని చెప్పమన్నా చెప్తాను. మీరు రాయండి."

మీ దయాధర్మాలు నాకక్కర్లేదన్నాను.

"దయ కాదు. నాకు పని ఎక్కువైపోయిందన్నయ్యా," అన్నాడు. తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయాడు.

ఆ పని ఎంతో ఆ రోజు వరకు నేను ఊహించలేదు. ఆయన వెళ్ళాక కిటికీలోంచి చూశాను. గేటు దగ్గర ఆగి, తన రెండు చేతులూ చాపి చూసుకుంటూ, వేళ్ళు ముడుస్తూ తెరుస్తూ కాసేపు నిలబడ్డాడు. యాభై ఐదేళ్ళకే ఆ వేళ్ళు వణుకుతున్నాయి.

ఆ సంవత్సరం నా చివరి పేజీలో సైన్యాన్ని వెనక్కి రప్పించాలని రాశాను. ఇంతకాలం తర్వాత ఈ మార్పేమిటని మంత్రి అడిగితే, బాగా ఆలోచించాక అభిప్రాయం మార్చుకున్నానన్నాను. ఏడు నెలల్లో ఆఖరి బండి సరిహద్దు దాటి వచ్చింది. తప్పు ఒప్పుకునే ధైర్యం ఉన్న మనిషని పత్రికలు నా ఫొటో వేశాయి. పతకం ఇచ్చిన రోజు ఆయన మూడో వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టాడు. ఒక విలేఖరి, మీరు బంధువులట కదా, ఈయన మనసు ఎప్పుడు మారిందని అడిగితే, మా ఇంట్లో అందరికంటే ముందు ఆ మాట అనుకున్నది అన్నయ్యేనండీ అన్నాడు. ఏ తడబాటూ లేకుండా అన్నాడు. ఆదివారాలు తను అన్నది అన్నయ్య దగ్గర విన్న మాటేననీ, పదవిలో ఉండి అన్నయ్య బయటికి అనలేకపోయాడనీ ఇంట్లో కూడా చెప్పాడు. మా అత్తగారు చనిపోయేదాకా అదే నమ్మింది. నా కూతురు ఈ రోజు వరకూ అదే నమ్ముతోంది.

నేను అన్నింటికీ అసూయపడ్డాను. ఆయన చేతిపనికి, ఎత్తుకు, నా కూతురి ప్రేమకు, తెలీదని చెప్పగలిగే ఆయన నిబ్బరానికి. కానీ ఆ రోజు ఆ విలేఖరితో ఆయన మాట్లాడుతుంటే పడ్డంత ఎన్నడూ పడలేదు. తనదైన దాన్ని ఇచ్చేసి, ఇచ్చానన్న బాధ కూడా లేకుండా బస్సు కోసం నడిచి వెళ్ళిపోయాడు. నాకది చేతకాదు. పదహారేళ్ళు ఆయన ఇచ్చిన దాన్ని గోడకు తగిలించుకుని కూర్చున్నాను.

అందువల్ల పతకాన్ని ఈ వీలునామా నకలుతో పాటు ఇచ్చిన ఆఫీసుకే తిప్పి పంపాలి. ఊరి చివరి స్థలం అమ్మి, వచ్చినదంతా ఆ దేశంలో, నలభై రెండో మైలు దగ్గర, కాళ్ళు చేసే షెడ్డు కట్టడానికి ఖర్చు చేయాలి. అక్కడివాళ్ళే పని నేర్చుకుని నడిపించాలి. నేర్పడానికి ఎవరు వెళ్ళాలో నా కూతురు నిర్ణయించాలి. ఆ షెడ్డుకు నా పేరు పెట్టకూడదు. ఆయన పేరు పెట్టమని రాద్దామని ఈ వాక్యం దగ్గర చాలాసేపు ఆగాను. చెయ్యి రాలేదు. ఆ నిర్ణయం కూడా నా కూతురికే వదిలేస్తున్నాను.

6. చౌకీలో రాసిన ఆ మొదటి పేజీ నా తోడల్లుడికి. ఆయన వద్దన్నా ఇవ్వాలి.

7. ఈ వీలునామాను నేను పోయిన వారంలోగా ఆ షెడ్డులో, పని జరిగే వేళ, అందరికీ వినబడేలా చదవాలి. ఆయన మధ్యలో ఆపబోతాడు. ఆపనివ్వకూడదు. రిజిస్టరులో ఆ మూడేళ్ళ కింద ఉన్న ప్రతి పేరుకూ, చనిపోయినవాళ్ళ ఇళ్ళకూ ఒక్కో నకలు పంపాలి. నా ఫొటో వేసిన పత్రికలకు కూడా పంపాలి. వేసుకుంటారో లేదో వాళ్ళ ఇష్టం.

8. నా తోడల్లుణ్ణి ఈ కాగితంలో క్షమించమని అడగడం లేదు. అడిగితే క్షమించేస్తాడు. అది నేను భరించలేను. నా తరఫున ఇంకెవరూ అడగకూడదు.

9. అమ్మాయీ, నీకు ఇల్లు ఇచ్చి, దాంతోపాటు ఇదంతా ఇస్తున్నాను. నీ నాన్న ధైర్యం గల మనిషని నువ్వు నీ స్నేహితులతో చెబుతుండగా విన్నాను. ఆ మాట ఒక్కటే ఆయనకు లేనిది, నాకున్నది. అందుకే బతికుండగా నీకు చెప్పలేకపోయాను. ఇది చదివాక నువ్వు ఆయన దగ్గరికే వెళ్తావు. వెళ్ళు.

10. సాక్షుల సంగతి. సాక్షి సంతకానికి లోపల ఏముందో చదవనక్కర్లేదని వకీలు చెప్పాడు. నాకు చదివి పెట్టేవాళ్ళే కావాలనిపించింది. రిజిస్టరులోంచి రెండు చిరునామాలు రాసుకుని నేనే వెళ్ళాను. మొదటి ఆయన బస్సు డిపోలో టికెట్ల గదిలో పనిచేస్తాడు. ఎడమ కాలు, తొమ్మిదో ఏడు. భోజన విరామంలో మొత్తం చదివి, మంచినీళ్ళు తాగి, సంతకం పెట్టాడు. నేను వెళ్తుంటే టికెట్ల కిటికీ మళ్ళీ తెరిచాడు.

రెండో ఆయన కరెంటు పని చేస్తాడు. కుడి కాలు మోకాలి కింద, పదకొండో ఏడు. అప్పటికి ఆయన ఆ దేశం వెళ్ళి తొమ్మిది రోజులట. నన్ను లోపలికి పిలిచి కూర్చోబెట్టి, నేను ఎందుకొచ్చానో చెప్పకముందే, ఈ కాలు మేస్త్రి చేసింది సార్, పదహారేళ్ళలో ఒక్కరోజు పుండు పడలేదు అని ప్యాంటు పైకి లాగి చూపించాడు. ఆ మాట కూడా నాకు గుచ్చుకుంది. చదవడం అయ్యాక కాగితాలు నా ఒళ్ళో పెట్టి, లేచి లోపలి గదిలోకి వెళ్ళిపోయాడు. చాలాసేపటికి ఆయన భార్య వచ్చి, మీరు వెళ్ళండి అంది. వేరే సాక్షిని చూసుకోవాలనుకున్నాను. నాలుగో రోజు పొద్దున ఆయనే మా ఇంటికి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "సంతకం పెడతాను. నా మాట ఒకటి రాసి పెడతాను. దాన్ని కొట్టేయకూడదు," అన్నాడు. సరేనన్నాను. కొట్టేయలేదు.

సైన్యం తిరిగి వచ్చిన పదహారో సంవత్సరం, నవంబరు నెల, పదిహేడో తేదీ, మంగళవారం.

(సంతకం)
సైనిక వ్యవహారాల శాఖ విశ్రాంత కార్యదర్శి

మొదటి సాక్షి: (సంతకం)
బస్సు డిపో, టికెట్ల గది.

రెండో సాక్షి: (సంతకం)
ఎలక్ట్రీషియన్.
ఇది ఈయనే రాశాడనడానికి నేను సాక్షిని. క్షమించాననడానికి కాదు.